పడుకోబెట్టి తీసిన కొలత

మధ్యాహ్నం పూట ముంబైలోని కామాటిపుర కాస్త కునుకు తీస్తుంది. గల్లీలో కుట్టు మిషన్లు ఆగుతాయి. టాక్సీవాళ్ళు సీట్లు వెనక్కి వాల్చి కాళ్ళు బయటికి చాపుతారు. చాల్ అనే ఒంటిగది ఇళ్ళ బిల్డింగుల గ్యాలరీల్లో ఆరేసిన చీరలు తప్ప ఏదీ కదలదు. అలాంటి ఒక మధ్యాహ్నం ప్రణాలి తన తమ్ముణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, మెడ నుంచి తొడల దాకా వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ చుట్టి, దానిమీద టేపు వేయడం మొదలుపెట్టింది.

"అక్కా, నేను మనిషినా పార్సిల్‌నా?" అన్నాడు అతుల్.

"నోరు మూసుకో. నువ్వు నవ్వితే కొలత మారుతది."

అతుల్‌కి కొత్తగా ఒక పని దొరికేలా ఉంది. పుట్టినరోజు పార్టీల్లో సూపర్‌హీరో వేషం కట్టి పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగే పని. చిక్కల్లా ఒక్కటే, కవచం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. సంచుల కార్ఖానాలో కటింగ్ చేసే ప్రణాలి ఫోన్లో వీడియోలు చూసి, ఇంతేనా, నేను కోసే సంచికన్నా సులువే అనుకుంది. నేర్చుకోని ప్రతి పనీ సులువుగానే కనిపిస్తుంది కదా.

వీడియోలో మనిషిని నిలబెట్టి టేపు చుట్టారు. వీళ్ళింట్లో నిలబడే చోటు లేదు. కింది గదిని ఒక సంచుల వ్యాపారికి సరుకు పెట్టుకోవడానికి అద్దెకిచ్చేసి, అక్కాతమ్ముళ్ళు పైన పోటమాళా మీద ఉంటున్నారు. గది సగం ఎత్తులో చెక్కలు పరిచి కట్టిన అటక అది. నిచ్చెనెక్కి వెళ్ళాలి, వెళ్ళాక కూర్చోవాలి, లేదంటే పడుకోవాలి. నిలబడితే తల పైకప్పుకి కొట్టుకుంటుంది. గ్యాలరీలోకి పద, అక్కడ నిలబెట్టి చుడతానంటే అతుల్ చచ్చినా రానన్నాడు. చెడ్డీ మీద ప్లాస్టిక్ చుట్టుకుని చాల్ మొత్తానికీ దర్శనం ఇవ్వడమేమిటని వాడి బాధ. అందుకని పడుకోబెట్టింది.

టేపు మీద నల్ల మార్కరుతో గీతలు గీసింది. ఛాతీ మధ్యగా ఒకటి, పక్కటెముకల కింద ఒకటి, భుజాల చుట్టూ, మెడ చుట్టూ. ఆ గీతల వెంట కోసి విప్పితే ముక్కలొస్తాయి. ఆ ముక్కల్ని ఫోము మీద పెట్టి కత్తిరించి అతికిస్తే కవచం. మధ్యగీత వెంట కత్తెరతో కోసి తమ్ముణ్ణి బయటికి తీసింది. ముక్కలు చేసేముందు ఫోటో తీద్దామని టేపు తొడుగును పక్కన పెట్టింది. లోపల మనిషి లేకపోతే అది చతికిలబడిపోవాలి. పడలేదు. పొట్ట పైకి ఉబ్బి, వెల్లకిలా అలాగే ఉంది.

"టేపు మంచిదన్నమాట," అంది ప్రణాలి సంతోషంగా.

మొదటి వారమంతా తిప్పలే. ధారావిలో చెప్పుల సోల్స్ కోసే చోట తెచ్చిన ఫోము షీట్లు కట్టరుకి తిన్నగా తెగలేదు. సొల్యూషన్ జిగురు ఆరకముందే అతికిస్తే ఊడిపోయింది, ఎక్కువ ఆరితే అసలు అంటుకోలేదు. ఆ వాసనకి ఇద్దరికీ తలనొప్పి. వేడిగాలి మిషనుతో ఫోముని వేడిచేసి మోకాలి మీద వంచితే గుండ్రంగా వస్తుందని వీడియోలో చెప్పారు, మోకాలు కాలుతుందని చెప్పలేదు. మొదటి ఛాతీ ముక్క చూసి అతుల్, ఇది హీరోదా తాబేలుదా అని అడిగాడు. ఆమె ఆ ముక్కతోనే వాడి నెత్తిన ఒక్కటి వేసింది.

ఇద్దరే ఇద్దరు. తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లి కువైట్‌లో ఒకరింట్లో పనికి కుదిరింది. విమానం ఎక్కేముందు ఆవిడ ప్రణాలి రెండు చేతులూ పట్టుకుని ఒకే మాట అంది. "వాణ్ణి నీ చేతుల్ల పెట్టి పోతున్న బిడ్డా." ప్రణాలి పెళ్ళి మాటలు, చదువు మాటలు అన్నీ ఆ ఒక్క మాట వెనక నిలబడి ఉన్నాయి.

పక్కగది రత్నాబాయి ఒకరోజు అటుకుల గిన్నె పట్టుకుని నిచ్చెనెక్కింది. తల పైకి రాగానే ఎదురుగా టేపు తొడుగు కనిపించింది. ముక్కల కొలతలు కాగితం మీదికి దించుకున్నాక ప్రణాలి దాన్ని మళ్ళీ అతికించి గుర్తుగా ఉంచుకుంది.

"ఇదేంది? పండుకోబెట్టి తీసినవా?"

"అవునత్తా. ఇక్కడ నిలబడేటందుకు ఏడుంది?"

రత్నాబాయి గిన్నె కింద పెట్టింది. "బతికున్నోళ్ళకు నిలబెట్టి తీస్తరు. మంచంల ఉన్న రోగికి కూడ గోడకు ఆనించి తీస్తరు. పండుకోబెట్టి తీసేది పాడెకే. తీసిన కొలత ఖాళీగ ఉండదే పిల్లా. దానికి సరిపోయేటోడు రాకపోతే, దిక్కులేనోడు వచ్చి పంటడు."

"అత్తా, ఇది పాడె కాదు, ఫోము."

"పోయినేడు సాయిలు సంగతి మర్చిపోయినవా?"

ఎవరు మర్చిపోతారు. మహబూబ్‌నగర్ నుంచి కూలికి వచ్చిన సాయిలు ఈ చాల్ గ్యాలరీలోనే పడుకునేవాడు. పోయిన వానాకాలం పక్కగల్లీలో పాత బిల్డింగు కూలగొడుతుంటే స్లాబు విరిగి అతని మీద పడింది. ముక్కలు ముక్కలుగా ఏరారు. ఆ పని చేయించిన మేస్త్రీ ఎవరో నీలం తాడిపత్రి పట్టాలో మూటగట్టి టెంపోలో ఊరికి పంపేశాడు. కొలత తీయడానికి ఒళ్ళంటూ మిగలలేదు, పాడె కట్టలేదు.

రత్నాబాయి దిగి వెళ్ళాక ప్రణాలికి భయం వేసింది. భయం వేసినందుకు కోపమూ వచ్చింది. తొడుగుని మూలకి తోసి నిలబెట్టింది. సాయంత్రం పని నుంచి వచ్చేసరికి అది మళ్ళీ వెల్లకిలా పడుకుని ఉంది. అటక మీద తడిసున్నం వాసన. వానకి గోడలు నానుతున్నాయి కాబోలు అనుకుంది.

కవచం పూర్తయిన ఆదివారం పొద్దున్నుంచీ ఒకటే వాన. గల్లీలో మోకాలి లోతు నీళ్ళు. చాల్‌లో సగంమంది ధారావిలో పెళ్ళికి పోయి అక్కడే చిక్కుకున్నారు. మధ్యాహ్నానికల్లా కరెంటు పోయింది. అటక మీది చిన్న కిటికీ లోంచి బూడిదరంగు వెలుతురు వస్తోంది. కవచం తొడిగి చూడాలన్న ఆత్రంలో అక్కాతమ్ముళ్ళు పొద్దున్నుంచి పొయ్యి కూడా వెలిగించలేదు.

అతుల్ కూర్చునే తొడుక్కున్నాడు. కాళ్ళు, చేతులు, గ్లౌజులు, ఛాతీ. చివర హెల్మెట్. ఎర్రరంగు, వెండిరంగు. చేసిన చేతులకే నమ్మకం కలగనంత బాగుంది.

"ఏక్ నంబర్ ఉందక్కా. కొంచెం టైటు."

ప్రణాలి నాలుక కరుచుకుంది. ఒంటి కొలతకే కోసింది. ఫోము మందం కలపడం మర్చిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే తప్పే అది, ప్రతి వీడియోలోనూ మొదటే చెబుతారు. "విప్పు. పక్కల ఒక పట్టీ వేసి వదులు చేస్తా."

పక్కన వెల్క్రో పట్టీ ఉండాలి. చేత్తో తడిమింది. పట్టీ లేదు. అతుకు కూడా లేదు. ముందు, వెనక కలిసిపోయి నున్నగా తగులుతోంది. వేళ్ళకి తడి అంటింది. ఆ వాసన... తడిసున్నం.

"అక్కా, థాంబ్, ఆగు... టైట్ అయితుంది."

"కదలకు."

"అక్కా... అదే బిగుస్తుంది."

ఎండుపుల్ల విరిగినట్టు ఒక చప్పుడు. అతుల్ పక్కటెముక. మళ్ళీ ఒకటి. హెల్మెట్ లోంచి అరుపు వచ్చింది, ఆ వెనకే నెత్తురు. గడ్డం కింద నుంచి ఛాతీ మీదికి జారింది. ప్రణాలి రెండు చేతులతో హెల్మెట్ పట్టుకుని లాగింది. రాలేదు. తమ్ముడి కళ్ళు ఆమెనే చూస్తున్నాయి, రక్షించమని. తర్వాత... అవి పైకి తిరిగిపోయాయి.

అరుపు ఆగింది.

కవచం లేచి నిలబడింది.

అటక మీద నిలబడడానికి చోటు లేదు. అది లేస్తూనే ఉంది. హెల్మెట్ పైకప్పుకి కొట్టుకుంది. అయినా లేస్తోంది. పెచ్చులూడి పడ్డాయి. మెడ ఒక పక్కకి వంగింది, వంగిన మెడతోనే ఆమె వైపు తిరిగింది.

"అతుల్," అంది ప్రణాలి.

అది ఆమె ఎడమచేయి పట్టుకుని మెలిపెట్టింది. మోచేతి కింద ఎముక విరిగింది. నొప్పి తెలిసేలోపే ఆమె గాల్లో ఉంది, అటక అంచు దాటి కింద సంచుల మూటల మీద పడింది. మూటలు లేకపోతే అక్కడికక్కడే పోయేది. ఆమె వెనకే అదీ దూకింది. నిచ్చెన రెండు ముక్కలైంది.

కింద నిలబడ్డాక అది ఆమెని చూడలేదు. గోడని కొట్టడం మొదలుపెట్టింది. పిడికిలితో... మళ్ళీ... మళ్ళీ... ఇటుకలు బయటపడ్డాయి. గ్లౌజు లోపల తమ్ముడి వేళ్ళు ఒక్కొక్కటే చితుకుతున్న చప్పుడు ఆమెకి వినిపిస్తోంది. గోడ తోసుకుని బయటికి పోతుందా, అప్పటిదాకా వాడు మిగులుతాడా... ఆమెకి బుర్ర పనిచేయలేదు. నడుముకి ఉన్న కట్టరు తీసింది. వెనక నుంచి వెళ్ళి, తాను గీసిన గీత ఎక్కడుందో చేతికి తెలుసు కనుక, భుజం చుట్టూ ఒక్క గీటు గీసింది. ఫోము పైపొర మాత్రమే తెగింది.

అప్పుడు అరిచింది తమ్ముడు. కచ్చితంగా వాడే. తెగిన చోట నెత్తురు పొంగింది. ఫోములో పడిన గీటు వాడి ఒంట్లో పడింది.

కట్టరు చేతిలోంచి జారిపోయింది. ఇంకెలా విప్పాలి...

కవచం ఆమె గొంతు పట్టుకుని గోడకి నొక్కింది. హెల్మెట్ దగ్గరగా వచ్చింది. లోపల అతుల్ నోరు కదలడం లేదు. మాట మాత్రం వచ్చింది.

"నన్ను తట్టల్ల ఎత్తిండ్రు."

అతుల్ గొంతు కాదు.

"సగం తట్టల... సగం తాడిపత్రిల..."

తలుపు బద్దలైంది. రత్నాబాయి, ఆమె వెనక బాలయ్య. సాయిలు ఊరివాడే బాలయ్య, ఒకే గ్యాలరీలో పక్కపక్కన పడుకున్నవాళ్ళు. అతను చేతిలోని గడ్డపార పైకెత్తి, ఆ మాట విని, ఎత్తిన చేయి దించేశాడు.

"సాయిలూ," అన్నాడు. "నేనురా, బాలయ్యను."

వేళ్ళు ఆమె గొంతు మీద కాస్త వదులయ్యాయి.

"నీకు పాడె కడ్తరా. నా భుజం మీదనే తీస్కపోత. పిల్లగాణ్ణి ఇడిసిపెట్టు."

కవచం ఆమెని వదిలింది. నేల మీద కూర్చుంది. వెల్లకిలా పడుకుంది. చేతులు రెండు పక్కలా పెట్టుకుంది.

ప్రణాలికి కోయకుండా విప్పడం తట్టింది. సొల్యూషన్ అతుకు, రంగుల కోసం తెచ్చి కింద మూటల పక్కన ఉంచిన థిన్నరు పోస్తే వదులుతుంది. ఒంటిచేత్తో, ఏ వరసలో అతికించిందో దానికి తిరగేసిన వరసలో, గుడ్డ ముంచి అద్దుతూ పోయింది. అతుకులు మళ్ళీ పైకి తేలాయి. హెల్మెట్, భుజాలు, ఛాతీ, ఒక్కొక్కటే నోరు తెరిచాయి. బాలయ్య అతుల్ని చంకల కింద పట్టి బయటికి లాగాడు. వాడి ఒంటి నిండా ఎర్రటి వాతలు. ఛాతీ మధ్యగా ఒకటి, పక్కటెముకల కింద, భుజాల చుట్టూ, మెడ చుట్టూ. ఆమె మార్కరు నడిచిన దారులే అవి.

ఊపిరి ఉంది. ప్రణాలి వాడి ఛాతీ మీద చెవి పెట్టి ఏడ్చింది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే గల్లీ మొదట్లో నీళ్ళలో ఆగిపోయామన్నారు.

"బిడ్డా, ఇటు చూడు," అంది రత్నాబాయి.

ఖాళీ కవచం ఛాతీ లేస్తోంది, దిగుతోంది. అతుల్ ఊపిరితో పాటే. వాడు ఆగితే అదీ ఆగుతోంది.

"చీకటి పడకముందు దాన్ని సాగనంపాలె. అది పోయేదాక వీడు పూర్తిగ మనవాడు కాడు. నేను వీని దగ్గర కూసుంట. కొలత తీసిన చెయ్యి నీది, నువ్వు పో."

బాలయ్య పరంజా వెదుళ్ళు తెచ్చి పాడె కట్టాడు. గ్యాలరీలో ఉన్న ముగ్గురు కూలీలు భుజం పట్టారు. సాయిలు పోయిన ఆ పక్కగల్లీ ఖాళీ స్థలంలో, రేకుల కింద పొడిగా ఉన్న చోట కాల్చేయాలని నిర్ణయం. ఫోము కవచం, చిన్నపిల్ల కూడా ఎత్తగలిగేది. నలుగురు మగాళ్ళు లేపేసరికి మోకాళ్ళు వంగాయి.

నీళ్ళలో నడుస్తుంటే పై అంతస్తుల వాళ్ళు ఫోన్లు తీశారు. పాడె మీద ఎర్రటి సూపర్‌హీరోని చూస్తే ఎవరికి నవ్వు రాదు. ఎవడో ఈల వేశాడు కూడా. విరిగిన చేతిని చున్నీతో మెడకి కట్టుకుని, జారిపడిన కట్టరు మళ్ళీ నడుముకి దోపుకుని ప్రణాలి వెనక నడిచింది. ఆమెకి ఎవరి మీదా కోపం రాలేదు. తమ్ముడు బతికితే చాలు.

గల్లీ మలుపు దగ్గర మూసిన దుకాణం అరుగు మీద పాడె దించారు. దింపుడు కల్లం. ఇక్కడ దగ్గరివాళ్ళు చచ్చిపోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, ఏమో, ప్రాణం ఉందేమోనన్న చివరి ఆశతో. సాయిలుకి ఇక్కడ ఎవరూ లేరు.

"నువ్వే పిలువు చెల్లె," అన్నాడు బాలయ్య. "పలకడు. పద్ధతి అంతే."

ప్రణాలి హెల్మెట్ పక్కన వంగింది.

"సాయిలన్నా."

వాన.

"సాయిలన్నా."

వాన.

"సాయిలన్నా..."

"అక్కా."

హెల్మెట్ లోపలి నుంచి. చాలా మెల్లగా.

"ఊపిరాడ్తలేదక్కా... తియ్యి."

ఆమె తల ఎత్తి బాలయ్యని చూసింది. అతను తలగుడ్డ పిండుకుంటున్నాడు. అతనికి వినపడలేదు. అదే క్షణంలో ఆమె ఫోన్ మోగింది. రత్నాబాయి.

"లేచిండు బిడ్డా. లేచి కూసున్నడు. ఆకలి అంటుండు." ముసలామె గొంతులో ఏడుపూ నవ్వూ.

"వానికియ్యి," అంది ప్రణాలి. అరుగు మీద కూలబడింది.

"అక్కా." అతుల్. ఎప్పటి గొంతే. "నేను మంచిగనే ఉన్న. దాన్ని కాల్చెయ్. జల్ది కాల్చెయ్."

హెల్మెట్ లోంచి గుసగుస. "అక్కా... ఎవరితోని మాట్లాడ్తున్నవ్?"

రెండూ ఒకే గొంతు.

ప్రణాలి ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. కట్టరు తీసింది. భుజం కోస్తే వాడెలా అరిచాడో ఆమెకి గుర్తుంది. ఎక్కువ వద్దు... చిటికెనవేలు చివర, గోరంత. గ్లౌజు మీద చిన్న గీటు పెట్టింది.

పాడె మీది చేయి ఉలిక్కిపడింది. గీటు లోంచి నెత్తురు బొట్టు వచ్చింది. వెనకే ఇంకొకటి. వాన నీళ్ళలో కలిసి వెదురు మీదుగా కారింది.

ఫోన్లో అరుపు లేదు. చిన్న 'అమ్మా' కూడా లేదు. అవతల ఏదో నములుతున్న చప్పుడు. తాపీగా, ఆకలిగా.

"చెల్లె, చీకటైతుంది," అన్నాడు బాలయ్య. నలుగురూ వంగి పాడె కింద భుజాలు పెట్టారు.

పొద్దున్నుంచి పొయ్యి వెలిగించలేదు కదా అనుకుంది ప్రణాలి.

"రత్నాబాయత్తా," అంది ఫోన్లో. "వాడేం తింటుండు?"

గ్లౌజులోని వేళ్ళు ఆమె మణికట్టు పట్టుకున్నాయి. చితికిన వేళ్ళు, వెచ్చగా ఉన్నాయి.

"అత్తా..."

రత్నాబాయి పలకలేదు. ఏదో గట్టిది పళ్ళ కింద పటుక్కుమని విరిగింది. నమిలే చప్పుడు మళ్ళీ మొదలైంది.